కిందటేటి చుట్ట

చవక చుట్టకు రుచేమిటని నవ్వేవాళ్ళకు నాలుక మాస్టారు ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. ఖరీదైన చుట్ట ప్రతిసారీ ఒక్కో తీరుగా ఉన్నా చెల్లుతుంది. కాల్చేవాడు అదేదో విశేషమనుకుని పదిమందికీ చెప్పుకుంటాడు. చవక చుట్ట మాత్రం నిన్నటిలాగే ఉండి తీరాలి. పొద్దంతా బరువులు మోసి, గోడవారన కూలబడి, అగ్గిపుల్ల గీసుకునే మనిషికి విశేషాలు అక్కర్లేదు. లోకంలో ఒక్కటైనా తనను మోసం చేయలేదన్న నమ్మకం చాలు.

ఆ నమ్మకానికి తాను కాపలా అని ఆయన లోలోపల అనుకునేవాడు. పైకి అనడానికి పక్కన ఎవరూ ఉండేవారు కాదు.

ఆ కార్ఖానాలో తయారయ్యేది ఒక్కటే రకం. పొట్టిగా, కాస్త వంకరగా, నడుముకు కాగితపు పట్టీ అయినా లేకుండా కట్టలు కట్టి అట్టపెట్టెల్లో వెళ్ళేది. పంట ఏటేటా ఒకలా ఉండదు. ఒక ఏడు ఎండలు ముదిరి ఆకు తోలులా మందంగా వస్తుంది. మరో ఏడు వానలు ముంచి, పస లేక పలచబడి వస్తుంది. ఆకు ఎలా వచ్చినా చుట్ట మారకూడదు. అందుకని లోపల నింపే ఆకుల పాళ్ళు మార్చాలి. ఘాటు ఆకు ఎంత, తేలిక ఆకు ఎంత అన్నది తేల్చాలి. ఆ తేల్చడమే ఆయన ఉద్యోగం. చుట్టేవాళ్ళు ఎదుట మాస్టారనీ, చాటున నాలుక అనీ అనేవారు. భోజనాల వేళ ఆయన మెట్లు దిగి వస్తుంటే, "నాలుక వస్తోంది, ఉల్లిపాయలు దాచుకోండర్రా!" అని ఎవరో ఒకరు కేక వేసేవారు. అందరూ నవ్వేవారు. ఆయన కూడా నవ్వి, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఆయన గది మేడ మీద ఒక చివరన ఉండేది. ఒక కిటికీ, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఆనించి దేవదారు చెక్క బీరువా. ఏటేటా ఖాయం చేసిన చుట్టల్లోంచి ఒక పెట్టె ఆ బీరువాలో దాచేవారు. కొత్త పంటతో చుట్టిన మొదటి చుట్ట పైకి రాగానే ఆయన కిందటేటి పెట్టె తెరిచి, అందులోది ఒకటి పక్కన పెట్టుకునేవాడు. ముందు పాతది రెండు దమ్ములు, గోరువెచ్చని నీటితో పుక్కిలింత, తర్వాత కొత్తది రెండు దమ్ములు. ఇలా మూడో వంతు కాలేదాకా. పాళ్ళు సరిపోకపోతే మార్పించి మళ్ళీ చుట్టించేవాడు. చివరికి ఒకరోజు, "తేడా లేదు" అనేవాడు. ఆ రెండు మాటలూ కిందకు దిగాకే కార్ఖానాలో ఆ ఏటి పని మొదలయ్యేది.

ఈ పద్ధతి ఆయన సొంతం. ఒకప్పుడు ఆ గదిలో రెండో కుర్చీ ఖాళీగా ఉండేది కాదు. అందులో బావ కూర్చునేవాడు, అక్క మొగుడు. ఆయన్ని ఈ పనిలో పెట్టిందీ బావే. బావకు పద్ధతంటూ ఏమీ లేదు. పొద్దున లేచింది మొదలు కార్ఖానా చుట్టే నోట్లో పెట్టుకుని తిరిగేవాడు. కిందటేటి పెట్టెను ముట్టుకునేవాడే కాదు. "నిన్న నేనేం కాల్చానో నాకు తెలీదట్రా?" అనేవాడు. కొత్తది రెండు దమ్ములు లాగి, "ఘాటు చచ్చింది" అని తీర్పు చెప్పేవాడు. "ఘాటు కాదు, నీ ఓపిక చచ్చింది" అని మాస్టారు ఎదురు తిరిగేవాడు. ఇద్దరూ బల్ల గుద్దుకునేవారు. కింద ఆకు ఏరేవాళ్ళు తలలెత్తి చూసేవారు. చివరికి బావమరిది రెండడుగులు, బావ రెండడుగులు వెనక్కి తగ్గి, మధ్యన ఎక్కడో కలిసేవారు.

తర్వాత అక్కకు ఉబ్బసం ముదిరింది. ఇంట్లో పొగ వాసన కూడా సోకకూడదని డాక్టరు అన్న రోజే బావ చుట్ట మానేశాడు. చుట్ట మానినవాడికి ఆ కుర్చీలో పనేముంది? ఉద్యోగమూ మానేసి, ఇంటి ముందు గదిలో తాళాల దుకాణం పెట్టుకున్నాడు. ఒంటరిగా మిగిలిన మాస్టారు తన ఒక్కడి నాలుకనే నమ్ముకోవాల్సి వచ్చింది కనుక, దాన్ని కంటికి రెప్పలా కాపాడుకోవడం మొదలుపెట్టాడు. వెల్లుల్లి మానేశాడు, ఉల్లి మానేశాడు, కాఫీ మానేశాడు. వాసన లేని సబ్బు వెతుక్కున్నాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. తీర్పు చెప్పడానికి తప్ప చుట్ట కూడా కాల్చేవాడు కాదు. ఆకు ఈనెలు తీసే గదిలో పనిచేసే ఒకావిడ కొంతకాలం ఆయనతో మాట కలిపేది. మాటలు బాగుండేవి, తలకు రాసుకునే నూనె మాత్రం మల్లెల వాసన వేసేది. ఆ నూనె మానగలరా అని ఆయన ఒకరోజు ఎంతో మర్యాదగా అడిగాడు. ఆవిడ ఆయన మొహం వంక కాసేపు చూసి, "మీరు నన్ను అడుగుతున్నారా, నూనెను అడుగుతున్నారా?" అంది. ఆ తర్వాత పలకరింపులు తగ్గిపోయాయి.

అక్క ఇల్లు రెండు వీధుల అవతలే. ఆదివారం ఆయన చూడ్డానికి వెళితే ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగేది: "ఒక్కపూట మా ఇంట్లో తిని పోరా."

"నాలుక పాడవుతుందక్కా."

"నాలుకేమన్నా పెళ్ళికూతురట్రా, ఎండ తగలకుండా దాచిపెట్టడానికి?"

"చూస్తాలే, వచ్చేవారం చూస్తాలే" అనేవాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. ఏటేటా "తేడా లేదు" అన్న మాట కిందకు దిగుతూనే ఉంది. తానేం పోగొట్టుకున్నాడో ఆయనకు తెలియకపోలేదు. తెలిసే, దానికి ప్రతిగా ఒక వస్తువును చెక్కుచెదరకుండా నిలబెట్టానని తృప్తి పడేవాడు. త్రాసులో ఒక పళ్ళెంలో ఆయన బతుకు, రెండో పళ్ళెంలో ఆ చుట్ట. ముల్లు నిటారుగా ఉందనే ఆయన నమ్మకం.

చలికాలం చివర్లో అక్క పోయింది.

కొన్ని నెలలకు బావ మళ్ళీ చుట్ట అందుకున్నాడు. ఇంట్లో పొగ పడని మనిషి ఇప్పుడు లేదు కదా. ఒక మధ్యాహ్నం మాస్టారు దుకాణంలోకి అడుగుపెట్టేసరికి, బావ ఆకురాయి పక్కన పెట్టి, వెలిగించిన చుట్టను వేళ్ళ మధ్య తిప్పుతూ దానికేసి అనుమానంగా చూస్తున్నాడు.

"ఒరేయ్, ఇది ఎవరు చుడుతున్నారు?"

"మనమే."

"మనమేంట్రా, నేనెప్పుడో దిగిపోయాను. మీరు."

"అదే కార్ఖానా బావా, అవే చేతులు."

"చేతుల సంగతి కాదు. ఇది మన చుట్ట కాదు." బావ ఇంకో దమ్ము లాగి తల అడ్డంగా ఊపాడు. "మన చుట్ట మొదటి దమ్ముకే గొంతులో గోకేది. ఇంటికి చుట్టం దిగినట్టు, వచ్చిందంటే అందరికీ తెలిసేది. ఇదేమో పక్కింటాయన గోడ మీంచి బాగున్నారా అన్నట్టుంది."

మాస్టారికి చెవులు వేడెక్కాయి. "దిగులుతో నీ నోరు పాడైంది బావా."

"నోరు పాడైతే అన్నీ చప్పగా ఉండాలిగా? అన్నం మాత్రం మాడు రుచి నిక్షేపంలా తెలుస్తోంది. వండేది నేనే మరి."

"కిందటేటికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. నా చేత్తో ఖాయం చేశాను."

"నీ చెయ్యి బంగారమేరా. నేను చుట్ట సంగతి అంటున్నాను" అని బావ తాళం పనిలో పడ్డాడు.

ఆ మాట మాస్టారికి చెప్పులో రాయిలా గుచ్చుకుంది. ఊరంతా అన్నా ఆయన లెక్కచేసేవాడు కాదు. ఊరికి రోజూ అలవాటైన నోరు. మధ్యలో ఇన్నేళ్ళు ముట్టకుండా ఉండి, ఒక్కసారిగా అందుకున్న నోరు బావది. పైగా ఆ రెండో కుర్చీలో కూర్చున్న నోరు. బావ అన్నది నిజమైతే, తాను చప్పటి తిండి తిని కాపాడింది దేన్ని?

మర్నాడు ఆయన బీరువా తెరిచాడు. కిందటేటి పెట్టెనే కాదు, ఆ ముందటేటిదీ, దాని ముందటిదీ, అట్టడుగున బావ మానేసిన ఏటి పెట్టెనూ దించి, బల్ల మీద వరుసగా పెట్టాడు. నాలుక అలిసిపోకుండా రోజుకు రెండే కాల్చాడు. పనిలో పనిగా ఈ ఏటి కొత్త చుట్టనూ ప్రతిదాని పక్కనా పెట్టి చూశాడు. అన్నీ ఒకటే. అదే మెత్తని పొగ, చివర్లో అదే చిరుచేదు. పాతికేళ్ళ ఎడంలో పుట్టిన అన్నదమ్ములు ఒకే ముఖంతో వరుసగా నిలబడ్డట్టున్నాయి. వారం తిరిగేసరికి ఆయనకు ఛాతీలోని బరువు దిగిపోయింది. వరుసలోంచి ఒక్కొక్కటీ, ఈ ఏటి కొత్తదొకటీ తీసి కాగితంలో చుట్టుకుని, ఈల వేసుకుంటూ బావ దుకాణానికి నడిచాడు. ఆయన ఈల వేయడం దారిలో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

"కాల్చు. అన్నీ ఒకటో కాదో నువ్వే చెప్పు" అన్నాడు పొట్లం విప్పి.

బావ ఒక్కొక్కటే వెలిగించి రెండేసి దమ్ములు లాగాడు. "అన్నీ ఒకటే."

"మరి?"

"మరేంటి? అడుగున ఉన్నది నా కాలంనాటిదంటావు. నా కాలంలో అది పులిరా. ఇన్నేళ్ళు పెట్టెలో పడుకోబెడితే పులైనా పిల్లి అవుతుంది. నిన్నగాక మొన్న పుట్టింది కూడా దానిలాగే మ్యావ్ అంటోంది, అదీ నాకు నచ్చనిది." బావ నవ్వి, తాళంచెవి కోసం వచ్చిన మనిషి వైపు తిరిగాడు.

మాస్టారు నవ్వలేదు. కాగితం మడతపెట్టబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

పెట్టెలో ఉంచిన చుట్ట మెత్తబడుతుందన్నది కార్ఖానా గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కు కూడా తెలుసు. ఆయనకు తెలియక కాదు. ఏడాది మగ్గిన చుట్టను బల్ల మీద పెట్టుకుని, నిన్న చుట్టినదాన్ని దానితో పోల్చాడు. కొత్తదాంట్లో ఘాటు ఎక్కువ తోచినప్పుడల్లా పంట మీద నేరం మోపి, ఘాటు ఆకు ఒక పిసరు తగ్గించి, తేలిక ఆకు ఒక పిసరు పెంచాడు. అలా తగ్గించిన చుట్ట బీరువాలోకి వెళ్ళి ఇంకొంత మెత్తబడి, మరుసటి ఏటికి కొలబద్దై కూర్చుంది. మళ్ళీ తగ్గించాడు. ఏ ఒక్క ఏడూ ఎవరికీ తెలియనంత. వరుసలోని చుట్టలన్నీ ఒకేలా ఉండటమే తప్పు. నిజంగా మారకుండా ఉండుంటే, ఆ పాతవాటి పక్కన ఈ కొత్తది నోరు మండించాలి. బావ ఉన్న రోజుల్లో "ఘాటు చచ్చింది" అని బల్ల గుద్దినప్పుడల్లా తాను అడుగు వెనక్కి వేసేవాడు. ఆ పేచీ వల్లే చుట్ట కదలకుండా నిలబడింది. బావ వెళ్ళాక పేచీ పోయింది. పద్ధతి మిగిలింది.

ఆయన ఆ మాట అక్కడ అనలేదు. దుకాణంలో మనుషులున్నారు. వెళ్ళొస్తానని కూడా అనకుండా బయటికి నడిచాడు.

కార్ఖానా ఇప్పుడు పాత యజమాని కూతురి చేతిలో ఉంది. అందరూ ఓనరమ్మ అనేవారు. ఆవిడకు పొగ పడదు గానీ వ్యాపారం బాగా పడుతుంది. కొత్త పంట చుట్ట మీద మాస్టారి మాట ఇంకా కిందకు రాలేదని ఆవిడే మేడ ఎక్కి వచ్చింది.

"ఏమైంది మాస్టారూ? కిందటేటికీ దీనికీ తేడా ఉందా?"

"లేదు."

"మరింకేం? మొదలుపెట్టమంటాను."

"వద్దమ్మా. తేడా ఉండాలి. లేకపోవడమే తప్పు."

ఆవిడ రెండో కుర్చీలో కూర్చుంది. ఆయన అంతా చెప్పాడు. ఏళ్ళ తరబడి తానే, ఈ చేతులతోనే, మీ నాన్నగారి చుట్టను కొంచెం కొంచెంగా చంపేశానని చెప్పాడు. ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాడు. వేస్తే బాగుండుననీ అనుకున్నాడు.

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఎవరైనా అడిగారా మాస్టారూ? కొనేవాళ్ళు గానీ, అమ్మేవాళ్ళు గానీ?"

"మా బావ అడిగాడు."

"ఆయన ఒక్కరేగా! ఇప్పుడు మళ్ళీ వెనక్కి తెచ్చామనుకోండి, నోరు మండుతోందని ఊరంతా అడుగుతుంది. కాల్చేవాళ్ళు దీనికే అలవాటుపడ్డారు. నాన్నగారి చుట్ట కాల్చినవాళ్ళు ఎంతమంది మిగిలారని?" ఆవిడ లేచింది. మెట్ల దగ్గర ఆగి, ఆయన్ని ఓదార్చాలని కాబోలు, "మీరొచ్చి చెప్పేదాకా ఒక్కరికీ తెలియలేదంటే, ఎంత నేర్పుగా మార్చారో చూడండి. అలా అందరివల్లా అవుతుందా?" అంది.

మంచి మనసుతోనే అంది. ఆయన తల వంచి నమస్కారం పెట్టాడు. ఆవిడ దిగి వెళ్ళాక, కింద బల్లల మీద ఆకు కోసే కత్తుల చప్పుడు మొదలైంది. ఆ ఏటి పని ఆయన మాట లేకుండానే మొదలైపోయింది.

ఆయన ఇంటికి పోలేదు. కాళ్ళు తమంతట తామే రెండు వీధులు దాటించాయి. దుకాణం మూసి ఉంది; లోపలి గదిలో బావ స్టవ్ ముందు నిలబడి, గరిటెతో మూకుడు అడుగు గీకుతున్నాడు.

"బావా, నువ్వన్నదే నిజం."

"ఏది?"

"చుట్ట సంగతి. అది మన చుట్ట కాదు. నేనే పాడుచేశాను."

"ఓ, అదా!" బావ వెనక్కి తిరగనైనా లేదు. "ఏదో మొదట్లో అలా అనిపించింది. ఇప్పుడు అలవాటైపోయిందిరా. బానే ఉంది. గొంతుకు కూడా హాయిగా ఉంది."

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పాత చుట్టను గుర్తుంచుకున్న నోరు లోకంలో ఒక్కటే మిగిలింది, అదీ మరిచిపోయింది. ఇక తప్పు జరిగిందన్న సంగతి ఆయన ఒక్కడి దగ్గరే ఉంది. దాన్ని కాదనడానికైనా, అవుననడానికైనా ఎవరూ లేరు.

బావ కంచంలో అన్నం, మాడిన బంగాళాదుంప వేపుడు పెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. రెండో కంచం తీయబోయి ఆగాడు. "నీకు పెట్టేవాణ్ణే గానీ, వెల్లుల్లి దంచి వేశాను. నీకు పనికిరాదు. మీ అక్క అయితే నీకు వేరే తీసేది."

"వేరే తీయడమేంటి?"

"వేరే అంటే వేరేనే. నువ్వు చూస్తాలే అన్నావంటే దానికి వస్తానన్నట్టే లెక్క. ఆదివారం పొద్దున్నే ఒక చిన్న గిన్నెలో నీకని విడిగా వండేది. ఉల్లి లేకుండా, వెల్లుల్లి లేకుండా. గరిటె కూడా వేరే. నేను ముట్టుకుంటే కసిరేది."

"ప్రతి ఆదివారమా?"

"మంచం పట్టేదాకా. నువ్వా, మంచినీళ్ళు తాగి చక్కా పోయేవాడివి. పారేయడానికి దానికి మనసొప్పదు. సాయంత్రం నాకు పెట్టేది. ఇన్నేళ్ళూ నీ వాటా నేనే తిన్నానురా."

"ఎలా ఉండేది?"

"ఎలా ఉంటుంది, చప్పగా ఉండేది."

"చప్పగా అంటే? ఉప్పు తక్కువా, కారం లేదనా?"

"కారం లేదనే." బావ ముద్ద కలుపుతూ అన్నాడు. "ఉప్పు సరిపోయేదనుకుంటా."

"అనుకుంటా కాదు బావా. సరిపోయేదా, లేదా? మొదట్లోకీ చివర్లోకీ ఒకేలా ఉండేదా? మెత్తగా ఉడికించేదా, పలుకుగానా? ఏం వేసేది అందులో?"

బావ ముద్ద కంచంలో వదిలేశాడు. బావమరిది ముఖంలోకి చూసి, పరాచికం ఆడబోయినవాడు ఆడలేదు. కళ్ళు మూసుకున్నాడు. ఒకప్పుడు మేడ మీది గదిలో, రెండు దమ్ముల తర్వాత తీర్పు కోసం అలా కళ్ళు మూసుకునేవాడు.

"మిరియం వేసేది," అన్నాడు చాలాసేపటికి. మళ్ళీ తల ఊపాడు. "కాదు. అది జ్వరం వచ్చినప్పుడు నాకు చేసింది. నీదాంట్లో... ఏదో ఉండేదిరా. వాసన వచ్చేది, మూత తీయగానే." నుదురు ముడివడింది. "లేదు. రావడంలేదు. నాదాన్లా కారంగా లేదే అని విసుక్కుంటూ తిన్నాను, ఎవడు పట్టించుకున్నాడు?"

"తొందరేం లేదు బావా" అన్నాడు మాస్టారు. "నెమ్మదిగా గుర్తుతెచ్చుకో."

కుర్చీ ముందుకు జరుపుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.